అంతర్వేది సాగరసంగమ స్నానము



మాఘమాసము వచ్చినదనగానే మన కోనసీమ యిండ్లలో ఒక ముచ్చట మొదలగును. "ఈ యేడైనను అంతర్వేది పోవుదమా?" అని అత్తగారు కోడలి నడుగును. కోడలు పిల్లల పరీక్షలు చూచుకొనును, మామగారి మోకాళ్లు చూచుకొనును, పాడిగేదె నెవరికి అప్పగింతునా యని యోచించును. కొన్ని యేండ్లు ఆ ముచ్చట ముచ్చటగానే గడచిపోవును. మరి కొన్ని యేండ్లు ప్రయాణము కుదురును. ఈ యేడు మాకు కుదిరినది.

ప్రతి నెలయు ఈ పుటలలో వంటయింటి సంగతులనో, పిల్లల పెంపకమునో గూర్చి వ్రాయు మేము ఈ మాసము నదీస్నానమును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా చెప్పక, మేము పోయివచ్చిన విధము క్రమముగా మనవి చేసెదము. చదివినపిదప ఆ కారణము మీకే తెలియగలదు.

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము; మరునాడు భీష్మైకాదశినాడు రథోత్సవము; పూర్ణిమనాడు సముద్రతీరమున చక్రస్నానము. కల్యాణమునాటి జనసమ్మర్దమునకు వెరచి మేము పూర్ణిమను ఎంచుకొంటిమి. మా పిన్నిగారు, బాబయ్యగారు, మా వదినగారు, ఆమె పిల్లలిద్దరు, మేము దంపతులము, వెరసి ఏడుగురము. ఇంకను చీకటి ఉండగానే అమలాపురమున బయలుదేరి, అంబాజీపేట దాటి, గన్నవరము అక్విడక్టుమీదుగా వైనతేయను గడచి, రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి మార్గమున పోయితిమి. దారిపొడవునను కొబ్బరితోటలు, కాలువలు, కాలువగట్టుల వెంబడి ముగ్గులు పెట్టిన వాకిండ్లు. తెల్లవారుసరికి మా ముందును వెనుకను బండ్లు బారులు తీరినవి. నరసాపురమువైపునుండి పంటుమీద వసిష్ఠను దాటి వచ్చువారును సఖినేటిపల్లి రేవున మాతో కలసిరి.

ఈ సీమలో పుట్టిపెరిగిన వారికి చెప్పనక్కరలేదు గాని, మెట్టసీమల సోదరీమణుల కొరకు ఒక మాట. త్ర్యంబకమున పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన గోదావరి ధవళేశ్వరము దిగువన గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగా చీలును. ఆ రెంటికిని సముద్రమునకును నడుమ నున్న ముక్కోణపు నేలయే కోనసీమ. వసిష్ఠనుండి వైనతేయ యను మరియొక పాయ చీలి కోనసీమ నడుమగా సముద్రమును చేరును. 1847లో మొదలిడి 1852లో ముగించిన కాటనుదొరగారి ఆనకట్టతో ఏర్పడిన కాలువల నీటితోనే ఈ తోటలును వరిచేలును పచ్చగా నున్నవి. కావున గోదావరి మనకు పండుగనాటి తీర్థము మాత్రమే కాదు. ప్రతిదినమును మన అన్నములో ఉన్నది. ఆ తల్లి తన ప్రయాణము ముగించి సముద్రమున కలియు చోటులలో ఒకటి అంతర్వేది. అక్కడ కలియునది వసిష్ఠ.

స్థలపురాణము మీలో పెక్కురు వినియే యుందురు. బ్రహ్మదేవుడు ఈ చోట వేదికను నిర్మించి రుద్రయాగము చేసి నీలకంఠేశ్వరుని ప్రతిష్ఠించుటచే అంతర్వేది యను పేరు కలిగినదందురు. హిరణ్యాక్షుని కుమారుడగు రక్తవిలోచనుడు, తన నెత్తురు నేలమీద పడి ఎన్ని యిసుకరేణువులను తడుపునో అంతమంది రాక్షసులు పుట్టునట్లు వరము పొంది, వసిష్ఠమహర్షి ఆశ్రమమును బాధింపసాగెను. మహర్షి ప్రార్థింపగా నరసింహస్వామి వచ్చెను. కాని నెత్తురు బొట్టు నేలపడిన కొలది శత్రువు పెరుగుచుండెను. అప్పుడు స్వామి మాయాశక్తిని పిలువగా, ఆ తల్లి తన నాలుకను నేలయంతట పరచి, ఒక్క బొట్టయినను ఇసుకను తాకకుండ చేసెనట. ఆమెయే అశ్వారూఢాంబిక. మన వాడుకలో గుర్రాలక్క. స్వామివారి చెల్లెలుగా ఆమెను ఎంచుదురు. రథోత్సవమునాడు అన్నగారు చెల్లెలికి చీరె, సారె పెట్టుట ఇచ్చటి సంప్రదాయము. అన్నకు జయము లభించినది చెల్లెలి కాపుదలచేతనే యని మన పెద్దలు మరువలేదన్నమాట.

ఇప్పుడున్న ఆలయమును 1823లో బెండమూర్లంక వాస్తవ్యుడగు కోపనాతి కృష్ణమ్మగారు కట్టించిరి. 2020 సెప్టెంబరులో స్వామివారి రథము రాత్రివేళ అగ్నికి ఆహుతి యైనప్పుడు ఈ సీమలో కంటతడి పెట్టని యిల్లాలు లేదు. మరుసటి మాఘమాసమునకే, 2021 ఫిబ్రవరిలో, నూతన రథము కదలినది.

పూర్వము సప్తసాగరయాత్ర యని యొకటి యుండెడిది, నేటికిని చేయువారున్నారు. గోదావరి ఏడు పాయలుగా సముద్రమున కలియునని, ఆ పాయలను సప్తర్షులు మొదలగువారు తెచ్చిరని మన నమ్మకము. పుష్య బహుళామావాస్యనాడు చొల్లంగిలో మొదటి స్నానము చేసి, క్రమముగా ఒక్కొక్క సంగమమున మునుగుచు, భీష్మైకాదశినాటికి అంతర్వేది చేరి యాత్ర ముగింతురు. నడకను, పడవను నమ్ముకొని పోయిన ఆ కాలపు స్త్రీలను తలచుకొనిన ఆశ్చర్యము కలుగును. వారి యాత్రలో తొందర యుండెడిది కాదు. రేవున దిగుటకు ముందు పడవవానిని నీటి సంగతి అడిగి తెలిసికొనెడివారు. మనకు బస్సులును కారులును వచ్చినవి. అడుగు అలవాటు పోయినది.

ఇక మా సంగతికి వత్తము.

అంతర్వేదిలో నది సముద్రమున కలియు చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అందురు. గట్టువలె కనబడు ఇసుకకు ఒక వైపు సముద్రము, ఒక వైపు వసిష్ఠ. రెండు నీళ్లును రంగులోనే వేరుగా తెలియుచుండును. మేము చేరుసరికి అక్కడ వేలకొలది జనము. తలకు నీళ్లు చల్లుకొనువారు, సంకల్పము చెప్పించుకొనువారు, పిల్లల కేకలు, పసుపుకుంకుమల వాసన. ఆ దృశ్యమును చూచినంతనే మా పిన్నిగారికి కన్నుల నీరు నిండినది. నలుబది యేండ్లనుండి ఆమె కోరిక యది.

పిన్నిగారును బాబయ్యగారును కొంగుముడి వేసికొని దంపతీస్నానమునకు దిగిరి. మేము పిల్లలను పట్టుకొని ఒడ్డున నిలిచితిమి. కొంతదూరమున కొబ్బరికాయలమ్ము ఒక పల్లెకారు స్త్రీ మావైపు చేయి ఊపుచు కేక వేసెను: "అటెల్లకండమ్మా! పాటు తీత్తంది! ఇటేపు రండి!" మేము వింటిమి. వినియు, కాయలు కొనుటకు పిలుచుచున్నదని తలచితిమి. సత్యము దాచనేల? ఆ మాట మాకు వ్యాపారపు కేకవలెనే వినబడినది.

మోకాలి లోతునకు పోయిన దంపతులు మూడవ మునకకు వంగిరి. ఒక అల వచ్చి వెనుకకు పోవునపుడు బాబయ్యగారి పాదముల క్రింది యిసుక జారినది. ఆయన కూలబడిరి. ముడి యుండుటచే పిన్నిగారును ఆయనతో పడిరి. ఆరు గజముల పట్టుచీర నీళ్లు తాగి బరువెక్కి, లేవబోయినకొలది ఆమెను లాగుచుండెను. ఒడ్డు నాలుగు బారల దూరముననే కలదు. అయినను క్షణక్షణమునకు ఆ దూరము పెరుగుచుండెను. మేము నోరు తెరచి నిలిచిపోతిమే కాని కాలు కదలలేదు. మావారు నీటిలోనికి దుముకబోగా ఆ కొబ్బరికాయల స్త్రీయే వచ్చి ఆయన చొక్కా పట్టి నిలిపెను. ఆమె కొమారుడు కాబోలు, పదునాలుగేండ్ల పిల్లవాడు, పడవమోకు విసరెను. బాబయ్యగారు ఒక చేత మోకును, ఒక చేత పిన్నిగారి జబ్బను పట్టుకొనిరి. అందరును కలసి లాగితిమి.

ఇద్దరును బ్రదికిరి. పిన్నిగారు చాలసేపు మాటలాడలేదు. మా వదినగారు పొడి దుప్పటి కప్పి వీపు రాచుచుండెను. మేము ఆ స్త్రీకి ఏమైనను ఇయ్యవలెనని సంచి వెదకుచుండగా, ఆమె మాకడ నిలువనే లేదు. మరల కొందరు అటే దిగుచుండగా, "ఓలమ్మా! అటు కాదు!" అని కేకవేయుచు పరుగెత్తెను. వారును ఆమె మాట వినలేదు. మావలెనే వారును ఆమెను కాయలమ్మునదిగానే చూచిరి.

అప్పుడు పిన్నిగారు మొదటిమాట పలికిరి: "మనం వెళ్లి చెబుదామే. మన మాటైతే వింటారేమో."

పసుపు కుంకుమలతో తడిసిన చీరతో నున్న పెద్ద ముత్తైదువ చెప్పినచో ఎవరు వినరు? ఆమె ఒడ్డున ఒకచోట నిలిచెను, మేమొకచోట నిలిచితిమి, మా వదినగారు పిల్లలతో మరియొకచోట నిలిచెను. పాటు తగ్గువరకు సుమారు రెండు గంటలకాలము వచ్చినవారినందరిని కొబ్బరికాయల స్త్రీ చూపిన చోటునకు మరలించితిమి. ఆమెయు మధ్యమధ్య వచ్చి, ఇక్కడ గొయ్యి, అక్కడ ఊబి యని మాకు చూపుచుండెను. మేము కోవెలకు పోవుసరికి మధ్యాహ్నపు తలుపులు వేసియుండిరి. సాయంకాలము మరల తెరచువరకు మంటపమున కూర్చుంటిమి. దర్శనము ఆలస్యమైనదని ఆనాడు మాలో ఎవరును నొచ్చుకొనలేదు.

ఇదియే ఈ వ్యాసమునకు కారణము.

ఆ స్త్రీ చెప్పిన పోటుపాట్ల సంగతి మన మందరము తెలిసికొనదగినది. సముద్రము దినమునకు రెండు మారులు పొంగును, రెండు మారులు తీయును. పొంగుటను పోటనియు, తీయుటను పాటనియు అందురు. పోటునకును పాటునకును నడుమ సుమారు 6 గంటల కాలము. నిన్నటి పోటుకంటె నేటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. కావున నిరుడు ఉదయమున ఏడు గంటలకు హాయిగా స్నానము చేసితిమి గదా యని ఈ యేడు అదే గంటకు దిగుట తెలివిగాదు. పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కటిగా కూడును. ఆ దినములందు పోటు మిక్కిలి పైకి వచ్చును, పాటు మిక్కిలి బలముగా లాగును. అష్టమి ప్రాంతమున ఈ రెండును మందగించును.

చూచితిరా? పర్వదినములందు తప్ప సముద్రమును తాకరాదని మన పెద్దలు నియమము పెట్టిరి. పూర్ణిమయు అమావాస్యయు ఆ పర్వములలోనివే. అనగా మనము స్నానమునకు పోవు దినములే సముద్రము విజృంభించు దినములు. మహత్తు గల దినమున జాగ్రత్తయు అంతకంత అవసరము. సంగమమున మరియొక విశేషము కలదు. పాటువేళ నది తన నీటిని తెచ్చుచునే యుండును. పోటువేళ నదిలోనికి ఎక్కిన సముద్రపు నీరును అప్పుడే వెనుకకు పరుగెత్తును. రెండు ప్రవాహములును ఒక్క దిక్కునకే లాగును. పైగా వరదలకును అలలకును ఇసుకమేటలు ఏటేట స్థలము మారుచుండును. నిరుడు మోకాలిలోతు ఉన్న చోట ఈ యేడు నిలువులోతు ఉండవచ్చును. ఇది ఏ పుస్తకమును ఆనాటికానాడు చెప్పజాలదు. ప్రతిదినము ఆ నీటిలో బ్రదుకు పల్లెవారే చెప్పగలరు.

కాబట్టి సంగమస్నానమునకు పోవు సోదరీమణులకు మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పెదము.

మొదటిది, రేవు చేరగానే పురోహితునికంటె ముందు పడవవారిని గాని, పల్లెవారిని గాని "ఇప్పుడు పోటా, పాటా? దిగుటకు ఏ వైపు మంచిది?" అని అడుగుడు. పోటు నిండి నీరు నిలకడగా నున్న కొలదిసేపు స్నానమునకు అనుకూలము. పాటు తీయుచున్నప్పుడు ఒడ్డున కూర్చుండి చెంబుతో తలపై పోసికొనినను స్నానమే. నీటిలో కాలు మోపుటకు ముందు తలపై నీళ్లు చల్లుకొనవలెనని గదా మన ఆచారము! ఆ చల్లుకొనుటలో లోపమేమియు లేదు.

రెండవది, పట్టుచీరలు కోవెలకు దాచుకొనుడు. నీటిలోనికి పలుచని నూలుచీర కచ్చపోసి కట్టుట మేలు. పడుచుపిల్లలకు పంజాబీ దుస్తులు మరియు సుఖము. కాని పొడవైన చున్నీని ఒడ్డుననే ఉంచవలెను. నగలు ఇంటనే ఉంచిన మనస్సు నీటిమీద నిలుచును.

మూడవది, దంపతులు కొంగుముడి ఒడ్డున వేసికొని సంకల్పము చెప్పించుకొనుడు. నీటిలో దిగునపుడు ముడి విప్పి చేయి చేయి పట్టుకొనుడు. పట్టిన చేయి ఆదుకొనును. ముడి ఇద్దరిని ముంచును. దంపతీస్నానమునకు కావలసినది తోడు గాని ముడి కాదని మేము కన్నులార చూచితిమి.

నాలుగవది, పిల్లలను, వృద్ధులను, మూర్ఛవ్యాధి గలవారిని, గర్భవతులను నీటిలో దింపక ఒడ్డుననే పోయుట మంచిది. ఒకరు స్నానము చేయునపుడు ఒకరు వారినే చూచుచు నిలువవలెను. మూటలు కాచుటకు మనిషిని పెట్టుదుము గాని మనిషిని కాచుటకు మనిషిని పెట్టము. ఇది మన యిండ్లలోని పాత పొరపాటు.

ఎవరైనను కొట్టుకొనిపోవుచున్నచో ఈత బాగుగా రానివారు నీటిలో దుముకరాదు. మోకు, పొడవైన కర్ర, ముడివేసిన చీరలు, మూత బిగించిన ఖాళీ నీళ్లడబ్బా, ఏది దొరకిన అది విసరవలెను. ఒడ్డునకు తెచ్చినవారిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, కడుపు నొక్కుట పూర్వపు అలవాటు. దానివలన మేలుకంటె కీడే అధికము. ఊపిరి ఆడుచున్నచో ఒక ప్రక్కకు పరుండబెట్టి, తడిబట్ట తీసి వెచ్చగా కప్పవలెను. ఊపిరి ఆడనిచో, తెలిసినవారు వెంటనే నోటిలోనికి ఊపిరి ఊది, రొమ్మునడుమ నొక్కుచుండవలెను. మరియొకరు 108కి ఫోను చేయవలెను. ఈ పద్ధతిని ఇంటికొకరైనను ముందుగా నేర్చికొనుట మంచిది.

నీరు మనకు చేయునది చెప్పితిమి. మనము నీటికి చేయునదియు చెప్పవలెను గదా! సాయంకాలము ఆ కొబ్బరికాయల స్త్రీ కొంత తీరికగా కూర్చున్నప్పుడు మాతో ఇట్లనెను: "మా వలల్లో చేపలు తక్కువ, చీరలెక్కువ పడతన్నాయండి." స్నానముచేసిన బట్టలను నీటిలోనే విడుచుట పుణ్యమని ఎవరు చెప్పిరో కాని, అవి వలలను చింపుచున్నవి. ప్లాస్టిక్ సంచులతో సహా పూలు, పసుపు, కుంకుమ విడుచువారిని మేమెందరినో చూచితిమి. తల్లికి పసుపు పెట్టుట సరే. సంచిని కూడ పెట్టనేల? దీపము విడువదలచినచో అరటిదొప్ప చాలును. విడువదలచిన చీరను ఉతికి, కట్టుకొనువారికి ఇచ్చుట గంగలో వేయుటకంటె తక్కువ పుణ్యమా?

ఇంకొక మాట స్త్రీలమైన మనమే చెప్పుకొనవలెను. తడిబట్టలు మార్చుకొనుటకు తగిన మరుగు లేక ఎందరో స్త్రీలు తీర్థములందు నీరు త్రాగకయే దినమంతయు గడుపుదురు. ఉత్సవములందు గదులు కట్టినను వచ్చిన జనమునకు చాలవు. మేము రెండు దుప్పట్లు, నాలుగు పిన్నులు, ఒక తాడు వెంట తీసికొనిపోయితిమి. మేము మార్చుకొన్నపిదప ఎరుగని స్త్రీలు పదిమంది ఆ తెరచాటును వాడుకొనిరి. సెల్లుఫోనులు ప్రతి చేతిలోను ఉన్న ఈ కాలమున, ఇతర స్త్రీలు స్నానము చేయుచుండగా ఛాయాచిత్రములు తీయరాదని మన మగపిల్లలకు ఇంటిలోనే చెప్పవలెను. రేవులో పోలీసువారు చెప్పువరకు ఆగనేల?

తిరుగుప్రయాణమున గన్నవరము అక్విడక్టుమీదికి వచ్చుసరికి చీకటి పడినది. కాలువ నదిమీదుగా పోవు ఆ కట్టడమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ పేరు చూడగానే పిన్నిగారు ఆమె కథ పిల్లలకు చెప్పసాగిరి. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారిని పెండ్లాడి, ఈ లంకల గన్నవరమునకు కోడలై వచ్చిన సీతమ్మగారు 1909లో కన్నుమూయువరకు, నదులు దాటివచ్చు బాటసారులకు వేళ యనక అన్నము పెట్టిరి. ఆమెకును అంతర్వేది పోవలెనని చిరకాలపు కోరిక. ఒకమారు పల్లకిలో బయలుదేరిరట. దారిలో బోయీలు అలసట తీర్చుకొనుచుండగా, ఎదురుగా వచ్చుచున్న ఒక పెండ్లివారి మాటలు ఆమె చెవిని పడినవి. ఆకలికి ఏడ్చు పిల్లలను పెద్దలు ఓదార్చుచుండిరి: ఇంక కొంచెము దూరమే, గన్నవరము చేరితిమా సీతమ్మగారింట అన్నము దొరకును అని. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, పొయ్యి వెలిగించెనని చెప్పుదురు. సప్తమ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను పోలేదట. 2024లో ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ఆమె పేరే పెట్టిరి.

ఈ కథ మేము చిన్ననాటినుండి వినుచునే యున్నాము. కాని ఇన్నాళ్లును అది అన్నదానమును గూర్చిన కథ యనియే తలచితిమి. ఆ రాత్రి మాకు మరియొక విధముగా తోచినది. సీతమ్మగారికి అంతర్వేదిమీద భక్తి తక్కువ కాదు. స్వామిని చూడవలెనని బయలుదేరినదే. దారిలో తన అవసరము గలవారు కనబడగా, వారిని దాటి పోవుట ఆమెకు సాధ్యపడలేదు. కొబ్బరికాయలమ్ము ఆ పల్లెకారు స్త్రీయు అట్లే తన గంపను విడిచి పరుగెత్తెను. ఆ దినమున ఆమె కాయలెన్ని అమ్ముడుపోయినవో మేము అడుగలేదు. అడిగియుండవలసినది.

మా వదినగారి చిన్నపిల్ల నిద్రకన్నులతో, "మామ్మా, మరి సీతమ్మగారు మళ్లీ అంతర్వేది వెళ్లారా?" అని అడిగెను. పిన్నిగారు సమాధానము చెప్పలేదు. పిల్లను దగ్గరకు తీసికొని తలనిమిరిరి.

2027 సంవత్సరము గోదావరి పుష్కర సంవత్సరము. బృహస్పతి సింహరాశిని ప్రవేశించునపుడు, పండ్రెండేండ్ల కొకమారు, గోదావరి గట్టున గల ప్రతి రేవును జనముతో నిండును. 2015 జూలై 14వ తేదీన, పుష్కరముల మొదటినాడే, రాజమహేంద్రవరమున ఒక రేవునొద్ద జరిగిన త్రొక్కిసలాటలో 25 మందికి మించి ప్రాణములు కోలుపోయిరి. వారందరును పుణ్యమునకై వచ్చినవారే. ఇంటివద్ద ఎవరో ఒకరు వారి రాకకై అన్నము వండి ఎదురుచూచుచుండినవారే. అదే రేవున, అదే ముహూర్తమున, అందరికంటె ముందుగా మునుగవలెనను ఆత్రము ఎవరికిని మేలు చేయదు. గోదావరి అన్ని రేవులలోను గోదావరియే. పుష్కరము పండ్రెండు దినములు. మన యూరి కాలువరేవున కూడ ఆ తల్లి నీరే పారుచున్నది.

పిన్నిగారికి ఇప్పుడు ఆరోగ్యము బాగుగానే యున్నది. వచ్చు మాఘమునకు మరల పోవుదమని ఆమెయే మమ్ములను తొందరపెట్టుచున్నారు. ఈ మారు పట్టుచీర పెట్టెలో, నూలుచీర ఒంటిమీద నుండగలవు. సంచిలో నాలుగు దుప్పట్లును, ఇరువది బారల మోకును కూడ ఉండగలవు. ఆ మోకు తమకొరకు కాదని, ఒడ్డున నిలుచునప్పుడు చేతిలో ఏదైన ఉండవలెను గదా యని ఆమె అనుచున్నారు. కొబ్బరికాయలన్నియు ఆ తల్లివద్దనే కొనవలెనని పిల్లలు ఇప్పటినుండియే మాట తీసికొనిరి.

మా సోదరీమణులలో నదీతీరములందు వసించువారు తమ తమ రేవుల సంగతులు, ఎక్కడ లోతో, ఎక్కడ సుఖమో, ఇరుగుపొరుగు ఊళ్లనుండి స్నానమునకు వచ్చువారికి ముందుగా తెలుపుదురుగాక. అందరును సుఖముగా స్నానము చేసి, సుఖముగా ఇల్లు చేరుదురుగాక యని ఆ లక్ష్మీనరసింహుని, ఆ గుర్రాలక్కను వేడుచున్నాము.